సీమ చదువుకు పోయిన పిల్లవాడు: జిడ్డు కృష్ణమూర్తి

ఏటేటా మన సావనీరులో ఎవరో ఒక పెద్దమనిషి జీవితం పడుతూనే ఉంది. సైన్సు వాళ్ళమైతే రామన్ గురించో, యల్లాప్రగడ సుబ్బారావు గురించో వ్రాయటం ఆనవాయితీ. ఈసారి నేను జిడ్డు కృష్ణమూర్తి గురించి వ్రాస్తానంటే కమిటీ మిత్రులు, వేదాంతం నీకెందుకయ్యా అన్నట్టు చూశారు. వేదాంతం నాకూ తెలీదు. ఆయన ఉపన్యాసాలు రెండు చదివి, మూడోది సగంలో వదిలేసినవాణ్ణి. నేను చెప్పబోయేది ఆయన బోధల గురించి కాదు, ఆయన చదువు గురించి. పదహారో యేట ఒక తెలుగు పిల్లవాణ్ణి దేశం దాటించి, ఏళ్ళ తరబడి సాగవలసిన చదువుకు డబ్బు, బస, అయ్యవార్లు, చేరవలసిన కాలేజీ అన్నీ ముందుగానే ఏర్పాటు చేశారు. ఆ ఏర్పాట్లన్నీ ఏమయ్యాయన్నదే ఈ వ్యాసం.

ఇది నాకెందుకు పట్టిందో చెప్పకపోతే న్యాయం కాదు. మాది ఉదయగిరి కొండ కనపడే ఊరు, మెట్ట సేద్యం. ఆత్మకూరులో మా మేనమామ ఉన్నాడు. ఆయన కొడుకు అమెరికాలో స్థిరపడ్డాడు. మొన్న సంక్రాంతికి మామ వచ్చి, మా తమ్ముణ్ణి ఎనిమిదో తరగతి నుంచే అక్కడ చదివిద్దామని మాట తెచ్చాడు. ఖర్చులో సగం వాళ్ళది, తక్కిన సగానికి మేము రెండెకరాలు అమ్మాలి. మా నాయన ఆ కాగితాల కట్ట నా ముందు పెట్టి, నీకు ఇంగిలీషు వచ్చు గదా, అంతా చదివి విషయం చెప్పమన్నాడు. చదివాను. అందులో ఒక కాగితం, పిల్లవాడి బాగోగులు ఫలానా వారికి అప్పగిస్తున్నామని తల్లిదండ్రులు సంతకం పెట్టవలసిన కాగితం. అది చూడగానే నాకు 1910 మార్చి 6వ తేదీన మద్రాసు అడయారులో ఒక తెలుగు తండ్రి సంతకం పెట్టిన కాగితం జ్ఞాపకం వచ్చింది. ఆ తండ్రి పేరు జిడ్డు నారాయణయ్య. అప్పగించిన పిల్లలు ఇద్దరు, కృష్ణమూర్తి, నిత్యానంద.

మా ఉదయగిరి వాళ్ళకి కృష్ణుణ్ణి పరదేశం పంపటం కొత్త గాదు లెండి. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఉదయగిరి దుర్గం గెలిచినప్పుడు ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని వెంట తీసుకుపోయి హంపీలో గుడి కట్టించి ప్రతిష్ఠ చేశాడు. మా ఊళ్ళో ముసలివాళ్ళు ఇప్పటికీ ఆ సంగతి చెప్పుకుంటారు. అక్కడ దేవుడికి ఘనంగా జరిగిందనీ చెబుతారు, ఇక్కడ గుడి బోసిపోయిందనీ చెబుతారు. నారాయణయ్య గారి కథ చదివినప్పుడు నాకు ఆ రెండు మాటలూ గుర్తుకొచ్చాయి.

కృష్ణమూర్తి 1895 మే నెలలో మదనపల్లెలో పుట్టారు. అర్ధరాత్రి దాటిన తర్వాత పుట్టటం వల్ల తేదీ 11 అని కొందరూ 12 అని కొందరూ వ్రాస్తారు. ఎనిమిదో సంతానం గనుక కృష్ణుడి పేరు పెట్టారు. మదనపల్లె ఆనాడు కడప జిల్లాలో ఉండేది. చిత్తూరు జిల్లా ఏర్పడి మదనపల్లె అందులో చేరింది 1911 ఏప్రిల్‌లో, అంటే ఈ పిల్లవాడు ఓడ ఎక్కిన నెలలోనే. తండ్రి మద్రాసు విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకొని రెవెన్యూ శాఖలో పనిచేసి తాసిల్దారు దాకా పోయినవాడు. తల్లి సంజీవమ్మ. తండ్రికి బదిలీలు, పిల్లవాడికి మలేరియా. ఆ జ్వరం వచ్చిందంటే బడి లేదు. ఆ రకంగా చదువు మొదటినుంచీ కుంటుపడింది. బళ్ళో మందబుద్ధి అనిపించుకున్నాడు. పాఠం చెబుతుంటే కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండేవాడట. కానీ ఒక సంగతి సైన్సు వాళ్ళం మనం గమనించాలి. ఒకసారి తండ్రి గడియారాన్ని ఏ ముక్కకాముక్క ఊడదీసి, మళ్ళీ బిగించి అది నడిచేవరకూ బడికి పోనని కూర్చున్నాడట. మందబుద్ధి చేసే పని కాదది. యంత్రాల మీద ఆ మక్కువ ఆయనకు చివరిదాకా ఉంది. మోటారు కార్ల విషయంలో నిపుణుడని చెబుతారు.

1905లో సంజీవమ్మ పోయింది. పిల్లవాడికి అప్పుడు పదేళ్ళు. 1907 చివర నారాయణయ్య ఉద్యోగ విరమణ చేశారు. జీతంలో సగం, నెలకు 112 రూపాయలు, పింఛను. తల్లి లేని మగపిల్లలు నలుగురు ఇంట్లో. వాళ్ళ చదువు ఎట్లా అన్నదే ఆయన దిగులు. ఆయన 1882 నుంచి దివ్యజ్ఞాన సమాజం సభ్యుడు. సమాజం అధ్యక్షురాలు అనిబిసెంటు గారికి అర్జీ పెట్టుకున్నారు, అడయారులో తలదాచుకోను చోటిస్తే ఏ పనైనా చేస్తానని. దగ్గరలో బడి లేదు, పిల్లలు అల్లరి చేస్తారు అని ఆమె మొదట ఒప్పుకోలేదు. ఆయన మళ్ళీ మళ్ళీ వ్రాశారు. చివరికి 1909 జనవరిలో పిల్లల్ని వెంటబెట్టుకొని అడయారు చేరారు. సమాజం ఆవరణ బయట ఒక పాత ఇల్లు ఇచ్చారు. పిల్లలు రోజూ మూడు మైళ్ళు మైలాపూరు బడికి నడిచిపోయేవాళ్ళు. తర్వాత జరిగినదానికి అందరూ బిసెంటమ్మనో లెడ్‌బీటరునో అంటారు గాని, తలుపు తట్టింది నారాయణయ్యే. దాన్ని నేను తప్పుగా చెప్పటంలేదు. పిల్లల చదువు కోసం ఏ తండ్రైనా ఎవరి తలుపైనా తడతాడు. ఆత్మకూరు మామ మాట విని మా నాయన రాత్రంతా నిద్రపోకపోవటం నేను చూశాను.

ఆ యేడే అడయారు సముద్రం ఒడ్డున ఆడుకుంటున్న కృష్ణమూర్తిని లెడ్‌బీటర్ అనే సమాజం పెద్ద చూశాడు. పిల్లవాడు బక్కపలచగా, మురికిగా, పళ్ళు వంకరగా, తల ముందుభాగం గొరిగించుకుని పిలకతో ఉన్నాడు. అయినా ఇతడి చుట్టూ స్వార్థం లేశమూ లేని కాంతి ఉందని లెడ్‌బీటర్ ప్రకటించాడు. లోకానికి రాబోయే జగద్గురువు ఈ దేహంలో అవతరిస్తాడన్నాడు. ఆ నమ్మకం నమ్మదగిందా కాదా అన్న చర్చ ఇక్కడ వద్దు. నాకు సంబంధించినంతవరకు ముఖ్యమైంది ఒకటే. పిల్లవాడు చదువుకొని ఏం కావాలో ఆ రోజే నిర్ణయమైపోయింది. ఇంజనీరనీ డాక్టరనీ నిర్ణయించే తండ్రులు మనకు తెలుసు. ఇక్కడ ఏకంగా జగద్గురువు!

మైలాపూరు బళ్ళో అయ్యవారు కొడుతున్నాడని తెలిసి పిల్లల్ని ఆ బడి మాన్పించారు. అడయారులోనే పాఠాలు. నలుగురైదుగురు అయ్యవార్లు, ఒకరి తర్వాత ఒకరు. ఈత, సైకిలు, టెన్నిసు కూడా పాఠాలే. అన్నింటికన్నా ముఖ్యం ఇంగ్లీషు, ఎందుకంటే బిసెంటమ్మతో మాట్లాడాలి గదా. ఆమె 1909 నవంబరులో మొదటిసారి పిల్లవాణ్ణి చూసింది. తల్లి లేని బిడ్డకు ఆమె తల్లి అయిందనటంలో నాకు సందేహం లేదు. జీవితాంతం ఆయన ఆమెను అమ్మ అనే పిలిచారు. ఆరేడు నెలల్లో పిల్లవాడికి ఇంగ్లీషు పట్టుబడింది. తెలుగు పాఠం మాత్రం ఎవరూ పెట్టినట్టు లేదు.

ఇక ఆ కాగితం సంగతి. 1910 మార్చిలో నారాయణయ్య ఇద్దరు పిల్లల సంరక్షణ బిసెంటమ్మకు అప్పగిస్తూ సంతకం చేశారు. 1911 ఏప్రిల్ 22న బొంబాయిలో ఓడ ఎక్కించారు. కాశీలోని సెంట్రల్ హిందూ కాలేజీ నుంచి జార్జి ఆరండేల్ సెలవు పెట్టి అయ్యవారుగా వెంట వెళ్ళాడు. అంతదాకా పంచె, చెప్పులు తెలిసిన పిల్లలకు సూట్లు, బూట్లు. ఆ బూట్లు కరిచి కాళ్ళు పుళ్ళు పడ్డాయి. మే 5న లండనులో దిగారు. పిల్లవాడి ఒంటికి ఏది మంచిదో కూడా లెడ్‌బీటర్ ముందే వ్రాసిపెట్టాడు. రోజంతా గ్లాసుల కొద్దీ పాలు, పొద్దున్నే ఓట్ల జావ, గుడ్లు. అరగక పిల్లవాడు కడుపునొప్పితో మెలికలు తిరిగినా పట్టిక మారలేదు. చిన్నవాడు నిత్యకు నోరుంది, కూరలో కాస్త ఉప్పూకారం వెయ్యమని అడిగాడు. పెద్దవాడు అడగలేదు. పచ్చి పులుసు, సంగటి తిని పెరిగిన మా తమ్ముడు ఇట్లాంటిచోట అడుగుతాడా అడగడా అని నేను ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

ఆ వేసవిలోనే పిల్లలకు ఆక్స్‌ఫర్డు చూపించారు. 1914 అక్టోబరులో చేరేటట్టు అక్కడ న్యూ కాలేజీలో పేర్లు వ్రాయించారు. చూశారా, మూడేళ్ళ ముందు! తర్వాత 1913లో మిస్ డాడ్జ్ అనే అమెరికా ధనవంతురాలు కృష్ణమూర్తికి జీవితాంతం ఏటా 500 పౌన్లు, నిత్యకు చదువు పూర్తయ్యేదాకా ఏటా 300 పౌన్లు ఏర్పాటు చేసింది. నారాయణయ్య పింఛను ఏడాదికి 1,344 రూపాయలు. ఆనాటి పౌను 15 రూపాయలు. కనుక ఒక్క కృష్ణమూర్తికే ఏడాదికి 7,500 రూపాయలు, తండ్రి పింఛనుకు అయిదు రెట్లకు పైన. లెక్క చేసి చూసుకున్న తర్వాత ఆ తండ్రి తర్వాత చేసిన పని నాకు ఇంకా పెద్దదిగా తోచింది.

1911 అక్టోబరులో పిల్లలు ఒకసారి తిరిగివచ్చారు. ఆ డిసెంబరులో కాశీలో జరిగిన ఒక సభలో పెద్దపెద్దవాళ్ళు పదహారేళ్ళ పిల్లవాడి కాళ్ళ మీద పడ్డారు. తండ్రికి ఇది నచ్చలేదు. లెడ్‌బీటర్ నీడ పిల్లల మీద పడటం అసలే ఇష్టం లేదు. వ్యాజ్యం వేస్తానన్నారు. మళ్ళీ 1912 జనవరిలో సముదాయించగా, పిల్లలు ఇంగ్లండులో చదువుకోవటానికి అభ్యంతరం లేదని ఇంకో కాగితం మీద సంతకం చేశారు. ఫిబ్రవరి మొదట్లోనే పిల్లల్ని తీసుకుని బిసెంటమ్మ ఓడ ఎక్కింది. ఆ పోవటం, కృష్ణమూర్తి తిరిగి ఈ దేశంలో అడుగు పెట్టింది 1921 డిసెంబరులో. దాదాపు పదేళ్ళు.

1912 అక్టోబరులో నారాయణయ్య నిజంగానే దావా వేశారు, చెంగల్పట్టు జిల్లా కోర్టులో. అది మద్రాసు హైకోర్టుకు బదిలీ అయింది. ఆయన తరఫున వాదించినవారు సి. పి. రామస్వామి అయ్యరు. బిసెంటమ్మ ప్లీడరును పెట్టుకోకుండా తానే వాదించుకుంది. 1913 ఏప్రిల్‌లో జస్టిస్ బేక్‌వెల్ తీర్పు చెప్పారు. లెడ్‌బీటర్ మీద తండ్రి చేసిన ఘోరమైన అభియోగాలు రుజువు కాలేదన్నారు, అయినా అతగాడి భావాలను బట్టి పిల్లల దగ్గర ఉండదగినవాడు కాడన్నారు. పిల్లల్ని తెచ్చి తండ్రికి అప్పగించమన్నారు. అప్పీలులోనూ అదే నిలిచింది. ఈ రోజుల్లో ఇంగ్లండులో పిల్లల్ని ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని కాపలా పెట్టారు. కాపలా మధ్య లాటిను పాఠం ఎట్లా ఎక్కుతుందో నాకు అర్థం కాదు.

బిసెంటమ్మ లండనులో ప్రివీ కౌన్సిలుకు పోయింది. 1914లో అక్కడ ఆమె గెలిచింది. లా చదివే మన మిత్రులకు ఈ కేసు తెలిసే ఉంటుంది, అనిబిసెంట్ వర్సెస్ నారాయణయ్య. ఆ తీర్పును లైబ్రరీలో పట్టుకొని, లా చదివే ఒక స్నేహితుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చదివాను. నాకు అర్థమైనంతవరకు అందులో మూడు సంగతులున్నాయి. తండ్రి తన బిడ్డల పెంపకం ఇంకొకరికి అప్పగించినా, అది వెనక్కి తీసుకోదగిన అప్పగింతే, బిడ్డలు అమ్ముడుపోయినట్టు కాదు. ఇది తండ్రికి అనుకూలం. కానీ ఆ అప్పగింతను నమ్ముకుని బిడ్డలు ఒక కొత్త బతుకులో కుదురుకొని, కొన్ని ఆశలు పెంచుకున్న తర్వాత, తండ్రి వెనక్కి రమ్మంటే కోర్టు ముందు బిడ్డల మేలు చూడాలి. ఇది తండ్రికి ప్రతికూలం. మూడోది, ఇన్ని కోర్టుల్లో ఇంత వాదన జరిగినా ఆ ఇద్దరు పిల్లల్నీ కక్షిదారులుగా చేర్చి, మీకేం కావాలి నాయనా అని అడిగినవాళ్ళు లేరు. వాళ్ళు ఉండేది చెంగల్పట్టులో కాదు, ఇంగ్లండులో, కనుక ఆ జిల్లా కోర్టుకు అసలు అధికారమే లేదు, కావలిస్తే ఇంగ్లండు హైకోర్టుకు పోవచ్చునన్నారు. 112 రూపాయల పింఛనుదారుడు ఇంగ్లండు హైకోర్టుకు ఏం పోతాడు! ఆయన పోలేదు.

పిల్లల్ని అడగలేదని ప్రివీ కౌన్సిల్ అన్నమాట నిజమే గాని, అడిగితే మటుకు ఏం చెప్పి ఉండేవాళ్ళో. అప్పటికి వాళ్ళు తమను సాకినవాళ్ళ మధ్యే ఉన్నారు. తిరిగిపోవాలని లేదనే చెప్పి ఉండేవాళ్ళు, బహుశా మనస్ఫూర్తిగానే.

సరే, గెలిచారు గదా, చదువు ఏమైంది? ఇక్కడినించే కథ అసలు మలుపు తిరిగింది. 1914 అక్టోబరు వచ్చింది, ఆక్స్‌ఫర్డు రాలేదు. జగద్గురువు అని పత్రికల్లో పేరు మోగిన పిల్లవాణ్ణి, కోర్టుకెక్కిన పిల్లవాణ్ణి చేర్చుకోవటానికి కాలేజీలు ఇష్టపడలేదు. న్యూ కాలేజీ తలుపు మూసింది. బేలియల్ కాలేజీని అడిగితే అదీ కాదంది. అంటే చూడండి, ఏ బిరుదు కోసమైతే పిల్లవాణ్ణి అంతదూరం తీసుకుపోయారో ఆ బిరుదే చదువుకు అడ్డుపడింది. ఇక లండను విశ్వవిద్యాలయం మిగిలింది. దాని మెట్రిక్యులేషన్ పరీక్షకు తర్ఫీదు ఇవ్వటానికి కెంట్‌లో ఒక పాదిరీగారి ఇంట్లో ఉంచారు. 1918 జనవరిలో అన్నదమ్ములిద్దరూ పరీక్షకు కూర్చున్నారు. నిత్య మంచి మార్కులతో పాసయ్యాడు, కృష్ణమూర్తి తప్పాడు. సెప్టెంబరులో మళ్ళీ, తప్పాడు. 1919లో మళ్ళీ, తప్పాడు. లెక్కల దగ్గర దెబ్బ తినేవాడు. దాంతో ఆ దారి మూసుకుపోయింది. 1920లో ఫ్రెంచి నేర్చుకోమని పారిస్ పంపారు.

మనలో సప్లిమెంటరీ వ్రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. తప్పిన రోజు ఇంటికి పోయి అమ్మ దగ్గర కూర్చుంటే సగం భారం దిగుతుంది. ఆయనకు ఆ ఊళ్ళో ఆ స్థానంలో ఉన్నది లేడీ ఎమిలీ లటియన్స్, కొత్త ఢిల్లీ కట్టిన ఆర్కిటెక్టుగారి భార్య. ఆమెకు అయిదుగురు పిల్లలు. వాళ్ళతో సమానంగా, ఒక్కోసారి ఎక్కువగానూ ఈ పిల్లవాణ్ణి చూసుకుంది. సమాజం పెద్దలకు ఆ మాలిమి నచ్చలేదు, దూరంగా ఉండమన్నారు. జగద్గురువు కావలసినవాడు ఒక తల్లి ఒడిని వెతుక్కోకూడదట. అన్ని ఖర్చులకూ పద్దు వ్రాసినవాళ్ళు ఈ ఒక్కటీ ఎట్లా వ్రాయలేదో!

1921 డిసెంబరులో అన్నదమ్ములు ఇండియా వచ్చి తండ్రిని చూడబోయారు. పెద్దవాడికి 26 ఏళ్ళు. సాష్టాంగపడి దండం పెట్టారు. కానీ కృష్ణమూర్తికి తెలుగు పోయింది. కడపలో, మదనపల్లెలో అమ్మతో మాట్లాడిన భాష ఒక్క ముక్క మిగలకుండా పోయింది. దావాలు వేసి కోర్టులెక్కి బిడ్డ కోసం కొట్లాడిన మనిషి, బిడ్డ ఎదుటికి వచ్చి నిలబడితే ఇంటి భాషలో మాట్లాడుకోలేకపోయారు. నారాయణయ్య 1924లో పోయారు. ఆ సమయానికి కొడుకులిద్దరూ ఈ దేశంలో లేరు.

నిత్య బారిస్టరు చదువులో బాగా రాణించాడు. కానీ 1921లో క్షయ బయటపడింది. పొడిగాలి మంచిదని 1922లో అన్నదమ్ములు కాలిఫోర్నియాలో ఓహాయ్ అనే లోయకు చేరారు. 1925 నవంబరు 13న నిత్య అక్కడే చనిపోయాడు, 27 ఏళ్ళకు. కృష్ణమూర్తి అప్పుడు ఇండియాకు వచ్చే ఓడలో ఉన్నారు. నిత్య బతుకుతాడని సమాజం పెద్దలు గట్టిగా చెప్పి ఉన్నారు, ఆయనా నమ్మారు. అడయారు, లండను, కోర్టు, మూడు పరీక్షలు, అన్నింట్లో పక్కన నిలబడ్డ మనిషి ఒక్కడే, వాడే పోయాడు. అన్నదమ్ముల్ని ఇద్దర్నీ కలిపి పంపటం ఆ మొత్తం పథకంలో అన్నింటికన్నా తెలివైన పని అని నాకు అనిపిస్తుంది. అది ఎవరూ అంతగా ఆలోచించి చేసింది కాకపోవచ్చు.

తర్వాతి కథ లోకానికి తెలిసిందే. 1911లో ఆయన కోసం పెట్టిన తూర్పు నక్షత్ర సంఘాన్ని 1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్ శిబిరంలో వేలమంది ఎదుట, బిసెంటమ్మ కూర్చుని ఉండగానే రద్దు చేశారు. గురువులొద్దు, సంఘాలొద్దు, నన్నూ అనుసరించవద్దు అన్నది ఆయన మాటల సారాంశం. భక్తులిచ్చిన ఆస్తులు తిరిగి ఇచ్చేశారు. ఇరవై యేళ్ళ ఏర్పాటు ఒక పూటలో ముగిసింది. కొందరు దీన్ని తిరుగుబాటు అంటారు. నాకు మాత్రం తండ్రి గడియారం ఊడదీసిన పిల్లవాడే కనపడ్డాడు. ఈసారి మళ్ళీ బిగించలేదు, అంతే తేడా. బిసెంటమ్మ మీద మాత్రం ఆయన ఏనాడూ కోపం పెట్టుకోలేదు. ఆమె 1933లో పోయింది.

మెట్రిక్ తప్పిన ఆ మనిషి తర్వాత చేసింది బళ్ళు పెట్టించటం. పుట్టిన మదనపల్లెకు దగ్గరలోనే రిషివ్యాలీ, కాశీలో రాజ్‌ఘాట్, ఇంగ్లండులో 1969లో బ్రాక్‌వుడ్ పార్క్, అమెరికాలో ఓహాయ్‌లో 1975లో ఓక్ గ్రోవ్. పోటీ, భయం, ఒకరితో ఒకరిని పోల్చటం పిల్లవాడి బుద్ధిని చంపేస్తాయన్నది ఆయన పదేపదే చెప్పిన సంగతి. రిషివ్యాలీలోనూ చివరికి పిల్లలు పరీక్ష వ్రాస్తారు, ఫీజులూ మాబోటి వాళ్ళకు అందేవి కావు, అది వేరే విషయం. దేశదేశాల పిల్లలు దూరం నుంచి వచ్చి బ్రాక్‌వుడ్‌లో ఉండి చదువుకున్నారు. వాళ్ళ మధ్య ఏటా కొన్ని నెలలు ఆయన ఉండేవారు.

ఇప్పుడు మా ఇంటి కాగితాల సంగతి. 1911లో పాస్‌పోర్టు, వీసా బెడద లేదు, ఓడ టిక్కెట్టు ఉంటే చాలు. ఈనాడు అట్లా కాదు. అమెరికాలో విదేశీ విద్యార్థి వీసా మీద పోయిన పిల్లవాడు ప్రభుత్వ హైస్కూల్లో 12 నెలలకు మించి చదవటానికి వీల్లేదు, అదీ బడికయ్యే ఖర్చంతా కట్టి. హైస్కూలుకు కింది తరగతుల్లో ప్రభుత్వ బడి అసలే కుదరదు. ఈ చట్టం 1996 నాటిది. ప్రైవేటు బళ్ళకు ఆ గడువు లేదు, డబ్బు మాత్రం ఏటేటా కట్టాలి. ఇంగ్లండులోనూ 4 నుంచి 17 యేళ్ళ పిల్లలకు వేరే వీసా ఉంది, అదీ ఫీజు కట్టే బళ్ళకే, తల్లిదండ్రుల వ్రాతపూర్వక సమ్మతితో. ఎనిమిది నుంచి పన్నెండు దాకా అయిదేళ్ళు. ఆ పైన కాలేజీ నాలుగేళ్ళు. రెండెకరాలు మొదటి రెండేళ్ళకు చాలవచ్చు. ఈ లెక్కంతా కాగితం మీద వేసి నాయనకు చూపించాను. మామ మంచివాడు, మేలు కోరే చెప్పాడు, ఆ మాటా చెప్పాను.

నాయన లెక్క విని ఏమీ అనలేదు. నారాయణయ్య సంగతి మాత్రం రెండుసార్లు చెప్పించుకున్నాడు. తండ్రి పోయినప్పుడు కొడుకు రాలేదా అని అడిగాడు. అమ్మ, ఆ పిల్లోడికి తెలుగు మళ్ళీ వచ్చిందా అని అడిగింది. రాలేదన్నాను. తమ్ముడు ఆ పూట ఇంట్లో లేడు, కంది కట్టె మోపు వేసుకుని బండి వెంట వస్తున్నాడు. వాణ్ణి అడిగి చెబుదామని నాయన కాగితాలు కట్టి దంతె మీద పెట్టాడు. ఇది వ్రాసేనాటికి వాణ్ణి ఇంకా అడగలేదు. వార్షిక పరీక్షలు అయిన తర్వాత అడగాలనుకున్నారు.

కృష్ణమూర్తి 1985 డిసెంబరులో చివరిసారి రిషివ్యాలీలో ఉన్నారు. మరుసటి నెల మద్రాసులో ఆఖరి ఉపన్యాసాలు ఇచ్చారు. ఒంట్లో జబ్బు ముదిరిందని తెలుసు. 1986 జనవరి 10న సాయంత్రం అడయారు సముద్రం ఒడ్డున కాసేపు నడిచారు, 1909లో లెడ్‌బీటర్ తనను చూసిన ఆ ఒడ్డునే. ఆ రాత్రి విమానం ఎక్కారు. ఫిబ్రవరి 17న, నిత్య పోయిన ఆ ఓహాయ్‌లోనే కన్నుమూశారు. 90 ఏళ్ళు.